మేకప్‌లో ఎస్‌పీఎఫ్ ఉంటే సన్‌స్క్రీన్ మానేయవచ్చా?

ఫౌండేషన్, కాంపాక్ట్ పౌడర్, బీబీ క్రీమ్, లిప్‌స్టిక్ లాంటి వాటిలో చాలావాటి మీద ఇప్పుడు ఎస్‌పీఎఫ్ 15 అనో, 30 అనో, ఒక్కోసారి 50 అనో అచ్చు వేసి ఉంటుంది. రోజూ ఎలాగూ మేకప్ వేసుకునేవాళ్లకు దాని కింద మళ్లీ సన్‌స్క్రీన్ ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఒక పూత తగ్గితే జిడ్డు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, పొద్దున్నే హడావిడీ కొంత తగ్గుతుంది. డబ్బా మీది అంకె అబద్ధం కాదు. అయితే అది ఒక నిర్ణీత మందంలో పూసి చూసినప్పుడు వచ్చిన అంకె. మేకప్‌ను అంత మందంగా ఎవరూ వేసుకోరు. మేకప్ సన్‌స్క్రీన్‌కు బదులు కాలేకపోవడానికి మొదటి కారణం ఇదే.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను మూడు రకాలుగా విభజిస్తారు. వీటిలో యూవీ-సీని ఓజోన్ పొర నేలకు రానివ్వదు. 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే యూవీ-బి కొద్దిగానే నేలకు చేరుతుంది. చర్మం మీద పడే మొత్తం అతినీలలోహితంలో దాని వాటా 5 శాతం దాకా ఉంటుంది. అయినా చర్మం ఎర్రగా కమిలిపోవడానికీ, కణాల్లోని డీఎన్ఏ నేరుగా దెబ్బతినడానికీ ముఖ్య కారణం అదే. మిగతా 95 శాతం యూవీ-ఏ. దీని తరంగదైర్ఘ్యం 315 నుంచి 400 నానోమీటర్లు. ఇది అంతగా కమిలించదు గానీ లోతుకు దిగుతుంది. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ను ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పాడు చేసి ముడతలు తెస్తుంది. చర్మాన్ని నల్లబరుస్తుంది.

ఎస్‌పీఎఫ్ ప్రధానంగా యూవీ-బి దెబ్బకు సంబంధించిన కొలత. పూత లేని చర్మం ఎంత మోతాదు కిరణాలకు ఎర్రబడుతుందో చూస్తారు. పూత ఉన్న చర్మం ఎర్రబడటానికి అంతకు ఎన్ని రెట్లు మోతాదు కావాలో చూస్తారు. ఆ రెట్ల సంఖ్యే ఎస్‌పీఎఫ్. 1970లలో ఈ కొలతను వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ గ్రైటర్. పరీక్షను మనుషుల మీదే చేస్తారు. స్వచ్ఛందంగా వచ్చిన తెల్లచర్మం వాళ్ల వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున తూచి పూస్తారు. అది ఆరాక, సూర్యకాంతిని పోలిన దీపపు వెలుగును పెరుగుతున్న మోతాదుల్లో వేసి, మర్నాడు ఎక్కడెక్కడ ఎర్రబడిందో పరిశీలిస్తారు. అలా 15 వచ్చిన పదార్థం కమిలించే కిరణాల్లో సుమారు 93 శాతాన్ని ఆపుతుంది; 30 వచ్చింది 97 శాతాన్ని, 50 వచ్చింది 98 శాతాన్ని ఆపుతాయి. సన్‌స్క్రీన్ అయినా, ఫౌండేషన్ అయినా, పౌడర్ అయినా పరీక్షలో వాడే మందం మాత్రం ఆ 2 మిల్లీగ్రాములే.

ఇప్పుడు ఆ మందాన్ని ముఖానికి వర్తింపజేసి లెక్క చూడవచ్చు. పెద్దవాళ్లలో ముఖం, మెడ కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు ఉంటాయనుకుంటే, కావలసిన పరిమాణం ఒక గ్రాముకు కొంచెం పైన, 1.2 గ్రాములు. సన్‌స్క్రీన్‌ను చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు చారలుగా పిండుకుంటే దాదాపు అంత వస్తుంది. 10 గ్రాముల కాంపాక్ట్ పౌడర్‌ను ఈ లెక్కన అద్దుకుంటే డబ్బా తొమ్మిది రోజులకు మించి రాదు. 30 మిల్లీలీటర్ల ఫౌండేషన్ సీసా నెల తిరగకుండానే అయిపోవాలి. నిజానికి రోజూ వాడేవాళ్ల దగ్గర కూడా కాంపాక్ట్ నెలల తరబడి వస్తుంది, ఫౌండేషన్ సీసా కూడా చాలా కాలం నడుస్తుంది. అంటే ముఖం మీదికి చేరుతున్నది పరీక్షలో వాడిన దానిలో చిన్న భాగమే. పౌడర్ సంగతి మరీ అన్యాయం. గ్రాముకు పైగా పొడిని ముఖం మీద నిలబెట్టడం కష్టం. నిలబెట్టినా ఆ ముఖంతో బయటికి వెళ్లలేరు.

పూత పలచబడితే రక్షణ ఎంత పడిపోతుందన్న దాని మీద పరిశోధకుల్లో రెండు రకాల ఫలితాలున్నాయి. కొన్ని ప్రయోగాల్లో రక్షణ మందంతో పాటు సమానంగా తగ్గింది. ఆ లెక్కన ఎస్‌పీఎఫ్ 30 ఉన్న ఫౌండేషన్‌ను నాలుగో వంతు మందంలో రాస్తే చర్మానికి దక్కేది 7 లేదా 8. మరికొన్నింటిలో పతనం ఇంకా వేగంగా ఉంది. కాంతిని పీల్చుకునే పదార్థాలకు వర్తించే భౌతిక సూత్రం ప్రకారం చూస్తే అదే నాలుగో వంతుకు మిగిలేది 2కూ 3కూ మధ్య. ఏ లెక్క తీసుకున్నా డబ్బా మీది 30 ముఖం మీద 30 కాదు. ఈ లోపం సన్‌స్క్రీన్‌కూ ఉంది. మామూలుగా జనం దాన్ని కూడా కావలసిన దానిలో సగమో, అంతకన్నా తక్కువో రాసుకుంటారు. కానీ సన్‌స్క్రీన్‌ను ఎక్కువ రాసుకోవడానికి అడ్డేమీ లేదు, అలవాటు మార్చుకుంటే చాలు. ఫౌండేషన్‌కు అడ్డు దాని స్వభావంలోనే ఉంది. అది పలచగా, చర్మంలో కలిసిపోయి కనిపించేలా తయారైన సరుకు.

రెండు పూతలు వేసుకుంటే అంకెలు కలుస్తాయన్న నమ్మకమూ ఉంది. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ మీద ఎస్‌పీఎఫ్ 15 ఫౌండేషన్ వేస్తే 45 రాదు. కింది పూత నిండుగా ఉంటే రక్షణ ప్రధానంగా దానిదే. పై పూత దానికి కొంత చేరుస్తుంది, కింద వదిలిపోయిన చోట్లను కొంత కప్పుతుంది. అది కూడా విలువైనదే, కానీ కూడికల లెక్కలో చెప్పుకోదగినది కాదు.

మందంతో పాటు పరచుకోవడం కూడా ముఖ్యం. గోడకు పలచగా వేసిన సున్నం పూతలో సందులు మిగిలినట్టు, చర్మం మీది సన్నని గీతల్లో, రంధ్రాల దగ్గర మేకప్ ఒకచోట పేరుకుంటుంది, ఇంకోచోట తేలిపోతుంది. పైగా మేకప్‌ను అందరూ ముఖమంతా ఒకేలా వేసుకోరు. నుదురు, ముక్కు, బుగ్గల మీద ఉన్నంత శ్రద్ధ చెవుల మీద, మెడ పక్కల, దవడ కింద ఉండదు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయం 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో గుర్తుంచుకోదగినది. అతినీలలోహితాన్ని గుర్తించే కెమెరా ముందు 84 మందిని కూర్చోబెట్టి, ఒక రోజు సన్‌స్క్రీన్‌నూ, మరో రోజు ఎస్‌పీఎఫ్ ఉన్న మాయిశ్చరైజర్‌నూ ముఖానికి రాసుకోమన్నారు. సన్‌స్క్రీన్ రాసుకున్నప్పుడు ముఖంలో సుమారు 11 శాతం భాగం వదిలిపోయింది. మాయిశ్చరైజర్‌తో దాదాపు 17 శాతం. కనురెప్పల దగ్గర తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది, 14 శాతానికి 21 శాతం. రెండూ క్రీములే, మనుషులూ వాళ్లే. ఎండ నుంచి కాపాడుకోవడానికని రాసుకునేటప్పుడు ఒకలా, రోజువారీ ముఖసంరక్షణగా రాసుకునేటప్పుడు మరోలా చెయ్యి కదిలింది. ఫౌండేషన్ విషయంలో ఈ తేడా తగ్గుతుందని అనుకోవడానికి ఆధారం లేదు.

ఎస్‌పీఎఫ్ అంకె పెద్దగా చెప్పనిది యూవీ-ఏ సంగతి. అందుకే దానికి వేరే గుర్తులు పుట్టాయి. జపాన్ సౌందర్య సాధనాల పరిశ్రమ సంఘం 1996లో పీఏ పద్ధతిని తెచ్చింది. పీఏ పక్కన ప్లస్‌లు ఎన్ని ఎక్కువుంటే యూవీ-ఏ నుంచి రక్షణ అంత ఎక్కువ. నాలుగో ప్లస్ 2013లో చేరింది. ఐరోపాలో యూవీ-ఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉండాలన్న సిఫార్సు ఉంది. మేకప్ డబ్బాల మీద ఎస్‌పీఎఫ్ పెద్ద అక్షరాల్లో కనిపించి, పీఏ గానీ, బ్రాడ్ స్పెక్ట్రమ్ అన్న మాట గానీ కనిపించకపోతే, ఆ సరుకు ప్రధానంగా యూవీ-బిని ఆపేదే కావచ్చు. ఆక్టినోక్సేట్ అనే రసాయనం 310 నానోమీటర్ల దగ్గర బాగా పనిచేస్తుంది, పొడవైన యూవీ-ఏ దగ్గర చేతులెత్తేస్తుంది. టైటానియం డయాక్సైడ్ కూడా పొడవైన యూవీ-ఏ దగ్గర జింక్ ఆక్సైడ్‌కు సాటిరాదు. ఆక్టినోక్సేట్, టైటానియం డయాక్సైడ్ మాత్రమే నమ్ముకున్న ఫౌండేషన్ ముఖాన్ని కమలనివ్వకపోవచ్చు. నల్లబడకుండా, ముడతలు పడకుండా ఆపుతుందన్న హామీ లేదు.

యూవీ-ఏ మామూలు కిటికీ అద్దంలోంచి చాలావరకు లోపలికి వచ్చేస్తుంది, యూవీ-బి రాదు. దీని ఫలితం ఎలా ఉంటుందో 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక ఫొటో చూపింది. అందులో ఉన్నది 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల మనిషి. ముఖంలో కిటికీ వైపున్న ఎడమ సగం లోతైన ముడతలతో, కుడి సగం కన్నా ఎన్నో ఏళ్లు ముసలిదానిలా ఉంది. ఒకే ముఖం, ఒకే వయసు. తేడా అద్దం గుండా వచ్చిన కిరణాలది. డ్రైవరు కుడివైపు కూర్చునే మన దేశంలో ఆ దెబ్బ తగిలేది కుడి చెంపకు. ఆఫీసులో కిటికీ పక్క కుర్చీకీ ఇదే వర్తిస్తుంది.

గోధుమ, నలుపు వన్నె చర్మం దగ్గరికి వచ్చేసరికి కథ మలుపు తిరుగుతుంది. ఇక్కడ మేకప్‌కు న్యాయంగా దక్కవలసిన గౌరవం ఒకటుంది. తెలుగువాళ్లలో ఎక్కువమందిది ఎండకు తేలిగ్గా కమలని చర్మం. మెలనిన్ దాన్ని కొంత కాపాడుతుంది. 1979లో అమెరికాలో చేసిన కొలతల్లో నల్లజాతి వాళ్ల చర్మపు పైపొర సహజంగా ఇచ్చే రక్షణ 13 దాటింది, తెల్లవాళ్లలో అది 3 దాటి కొంచెమే. గోధుమ రంగు చర్మం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. కాబట్టి ఎస్‌పీఎఫ్ కొలిచే ఎర్రబడటం ఇక్కడి వాళ్లకు ప్రధాన బాధ కాదు. బాధ నల్లబడటంతో, అంతకు మించి మంగు మచ్చలతో. బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి మీద గోధుమ రంగులో పరుచుకునే ఈ మచ్చలు గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఎక్కువగా వస్తాయి. ఏళ్ల తరబడి వదలవు. ఆడవాళ్లను ఇవి ఎంత కుంగదీస్తాయో చర్మవైద్యుల గదుల బయట కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు. మందులతో తగ్గిన మచ్చలు ఒక్క వేసవితో తిరిగి వచ్చేస్తాయి.

ఈ మచ్చలను రెచ్చగొట్టేది అతినీలలోహితం ఒక్కటే కాదని చాలాకాలం తెలియలేదు. 2010లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి పరిశోధకులు కంటికి కనిపించే మామూలు వెలుగును మాత్రమే చర్మం మీద పడనిచ్చి చూశారు. ముదురు రంగు చర్మం నల్లబడింది, ఆ నలుపు పొడవైన యూవీ-ఏ తెచ్చిన నలుపు కన్నా ముదురుగా, ఎక్కువ కాలం నిలిచింది. తెల్ల చర్మంలో ఆ మార్పే కనిపించలేదు. 2014లో ఫ్రాన్స్‌లో జరిగిన పనిలో ఇందులో దోషి నీలి-ఊదా వెలుగని తేలింది. 415 నానోమీటర్ల వెలుగు మచ్చ తెచ్చింది, 630 నానోమీటర్ల ఎర్ర వెలుగు తేలేదు. 2018లో మెలనిన్ తయారుచేసే కణాల్లో ఈ నీలి వెలుగును పసిగట్టే గ్రాహకాన్ని కూడా గుర్తించారు. దాని పేరు ఆప్సిన్-3.

మామూలు సన్‌స్క్రీన్ ఈ వెలుగును ఆపలేదు. ముఖం మీద తెల్లగా కనపడకుండా ఉండాలని జింక్, టైటానియం రేణువులను అతి సన్నగా నూరుతారు. కనిపించకుండా ఉండటమంటేనే కనిపించే వెలుగును దాటనివ్వడం. దాన్ని ఆపాలంటే పూతకు రంగు ఉండాలి. ఆ రంగునిచ్చేవి పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు. ఫౌండేషన్‌ను చర్మపు ఛాయకు సరిపోయేలా చేసే వర్ణకాలు సరిగ్గా ఇవే. మెక్సికోలో మంగు మచ్చలున్నవాళ్ల మీద జరిపి 2014లో ప్రచురించిన ఎనిమిది వారాల పరీక్షలో అందరికీ మచ్చలకు హైడ్రోక్వినోన్ చికిత్స ఒకేలా ఇచ్చారు. కొందరికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన సన్‌స్క్రీన్, కొందరికి అతినీలలోహితాన్ని మాత్రమే ఆపే సన్‌స్క్రీన్ ఇచ్చారు. రంగు కలిసినదాన్ని వాడినవాళ్లలో మచ్చలు ఎక్కువ తగ్గాయి.

అందువల్ల మంగు మచ్చలున్న గోధుమ రంగు ముఖానికి రంగు లేని సన్‌స్క్రీన్ ఒక్కటే వాడటం కూడా అసంపూర్ణమే. సన్‌స్క్రీన్ మీద చర్మపు ఛాయకు సరిపోయే ఫౌండేషన్ వేసుకుంటే ఒకటి అతినీలలోహితాన్నీ, రెండోది నీలి వెలుగునూ పంచుకుంటాయి. లేదా ఐరన్ ఆక్సైడ్లు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్ వాడవచ్చు, దాన్ని మేకప్‌లా కాకుండా సన్‌స్క్రీన్ కొలతలోనే రాసుకోవాలి. ఇలాంటి సన్‌స్క్రీన్లు చాలాకాలం ఒకటి రెండు లేత ఛాయల్లోనే దొరికేవి. అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ల ముఖాలకే అవి బూడిద పూసినట్టు కనిపించేవి. తయారీదారులు ఇంకా పూర్తిగా సరిదిద్దుకోవలసిన లోపం ఇది.

రోజూ సన్‌స్క్రీన్ వాడటం వల్ల ప్రయోజనం ఉందనడానికి గట్టి ఆధారం ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని నాంబూర్ పట్టణం నుంచి వచ్చింది. పరిశోధకురాలు ఆడెల్ గ్రీన్ నాయకత్వంలో 1992లో అక్కడ 1,621 మంది పెద్దలను లాటరీ పద్ధతిలో విడదీశారు. కొందరు రోజూ పొద్దున తల, మెడ, చేతులకు ఎస్‌పీఎఫ్ 16 సన్‌స్క్రీన్ రాసుకున్నారు, చెమట పట్టినా స్నానం చేసినా మళ్లీ రాసుకున్నారు. మిగతావాళ్లు తమ ఇష్టానికి వాడుకున్నారు. నాలుగున్నరేళ్లలో మొదటి జట్టులో స్క్వేమస్ కణ చర్మ క్యాన్సర్లు సుమారు 40 శాతం తక్కువ వచ్చాయి. 2013లో వెలువడిన విశ్లేషణలో వాళ్ల చర్మంలో ముసలితనపు లక్షణాలు 24 శాతం తక్కువగా ఉన్నాయి. చర్మ క్యాన్సర్ భారతీయుల్లో అరుదు కాబట్టి ఆ భాగం ఇక్కడికి అంతగా వర్తించదు. చర్మం ముదరడం మాత్రం అందరికీ ఉన్నదే. గమనించవలసింది ఏమంటే ఈ ఫలితం తెచ్చింది 50 కాదు, 16. నిండుగా, ప్రతిరోజూ, మళ్లీ మళ్లీ రాసిన 16. మేకప్ ఒక్కదానితో ఇలాంటి ఫలితం వచ్చిందని చూపిన దీర్ఘకాల పరీక్ష ఏదీ దీనికి సాటిగా లేదు.

ఆస్ట్రేలియా చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. ఎండ నుంచి కాపాడటమే ముఖ్యోద్దేశమైనవాటిని ప్రాథమిక సన్‌స్క్రీన్లుగా ఎంచి, మందులను పర్యవేక్షించే సంస్థ కిందికి తెచ్చింది. అలంకరణ ముఖ్యమై ఎస్‌పీఎఫ్ అదనంగా ఉన్న ఫౌండేషన్లను ద్వితీయ శ్రేణిగా, సౌందర్య సాధనాలుగా చూస్తుంది. అమెరికాలో ఎస్‌పీఎఫ్ ఉందని చెప్పుకునే మేకప్ కూడా మందుల నిబంధనలకు లోబడాలి. భారతదేశంలో సన్‌స్క్రీన్, ఫౌండేషన్ రెండూ సౌందర్య సాధనాలే. 2020 కాస్మెటిక్స్ రూల్స్ రెండింటికీ వర్తిస్తాయి. కాబట్టి ఇక్కడ దుకాణంలో డబ్బాను చూసి రెండింటి తేడా పసిగట్టడం కొనేవాళ్ల బాధ్యతగానే మిగిలిపోయింది.

రెండూ వాడేటప్పుడు వరుస ముఖ్యం. మాయిశ్చరైజర్ అలవాటుంటే ముందు అది, తర్వాత సన్‌స్క్రీన్, అది చర్మం మీద పొరగా ఆరడానికి పావుగంట, ఆపైన మేకప్. ఫౌండేషన్‌ను గట్టిగా రుద్దితే కింది పొర చెదిరిపోతుంది. స్పాంజితోనో వేళ్లతోనో అద్దడం మంచిది. పని తగ్గుతుందని సన్‌స్క్రీన్‌నూ ఫౌండేషన్‌నూ అరచేతిలో కలిపి రాసుకునే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల సన్‌స్క్రీన్ పలచబడుతుంది, సమంగా పరుచుకునేలా దాన్ని తయారుచేసిన కూర్పూ దెబ్బతింటుంది.

మేకప్ మీద మళ్లీ సన్‌స్క్రీన్ రాసుకోవడం నిజంగా చిక్కైన పని. ఆరుబయట ఉంటే రెండు గంటలకోసారి రాసుకోవాలన్నది సాధారణ సలహా. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో చెమటకు ఏ పూతా అంతసేపు నిలవదు. చెమటను టిష్యూతో అద్ది తీసి, పలచని సన్‌స్క్రీన్‌ను స్పాంజితో కొద్దికొద్దిగా అద్దుకుంటే మేకప్ పెద్దగా చెదరదు. ఎస్‌పీఎఫ్ ఉన్న పౌడర్ ఉపయోగపడేది ఇక్కడే. పొద్దున వేసిన సన్‌స్క్రీన్‌కు మధ్యాహ్నం అదనంగా, జిడ్డు పీల్చుకునే పూతగా అది పనికొస్తుంది. స్ప్రేలను నేరుగా ముఖం మీద కొట్టుకుంటే ఊపిరితో లోపలికి పోతాయి, గాలికి సగం ఎగిరిపోతాయి. పెదవులకు మెలనిన్ రక్షణ తక్కువ, ఎండ నేరుగా పడేది కింది పెదవి మీద. అందుకే లిప్‌స్టిక్ కింద ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ వేసుకుని, తిన్నాక తాగాక మళ్లీ రాసుకోవడం మేలు.

మేకప్‌లోని ఎస్‌పీఎఫ్ ఒక్కటే సరిపోయే సందర్భాలు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూవీ సూచీ 3కు లోపు ఉన్నప్పుడు ప్రత్యేక రక్షణ అవసరం లేదంటుంది. తెలుగు నేల మీద అది పొద్దున్నే, సాయంత్రం ఎండ వాలాక మాత్రమే ఉండే స్థితి. వేసవి మధ్యాహ్నం సూచీ 11 దాటి తీవ్ర స్థాయికి చేరుతుంది, చలికాలపు మధ్యాహ్నాల్లో కూడా 3కు చాలా పైనే ఉంటుంది. తెల్లవారి బస్సెక్కి, కిటికీలకు దూరంగా పనిచేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లకు ఫౌండేషన్‌లో ఉన్నది చాలు. రాత్రి పెళ్లికి వేసుకునే మేకప్‌కు అసలు ఎస్‌పీఎఫ్ అవసరమే లేదు. మధ్యాహ్నం పూట బండి మీద తిరిగేవాళ్లకు మాత్రం సన్‌స్క్రీన్ కూడా ఒంటరిగా చాలదు. ముఖం చుట్టూ దగ్గరి నేతతో ఉన్న ముదురు రంగు చున్నీ, హెల్మెట్ అద్దం దించుకోవడం ఏ పూత కన్నా నమ్మదగిన రక్షణ. అవి చెమటకు కరగవు, మళ్లీ రాసుకోవలసిన పనీ ఉండదు.